సవరణ: డీఎన్‌ఏ ఒరిగామి మడత దానంతటదే పడుతుంది

డీఎన్‌ఏ ఒరిగామిపై (డీఎన్‌ఏ పోగు మడతపడి అతి చిన్న ఆకారాలుగా మారే పద్ధతి) నేను ఇంతకుముందు పెట్టిన పోస్టులో "సూక్ష్మ పరికరాలతో డీఎన్‌ఏ పోగును మడిచి బొమ్మలు చేస్తారు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. ఎవరూ మడవరు, విశేషమంతా అక్కడే ఉంది! 2006లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త పాల్ రోథమండ్, ఎం13 వైరస్ నుంచి తీసిన 7 వేలకు పైగా అక్షరాల (డీఎన్‌ఏలో వరుసగా ఉండే రసాయన భాగాలు) పొడవైన డీఎన్‌ఏ పోగుకు 200కు పైగా పొట్టి పోగులు కలిపి, 95 డిగ్రీల దాకా వేడిచేసి చల్లార్చారు. ఒక్కో పొట్టి పోగు, పొడవు పోగులో దూరదూరంగా ఉన్న తన జత భాగాలకు అతుక్కుని వాటిని దగ్గరికి లాగుతుంది. రెండు గంటల్లోపే సుమారు 100 నానోమీటర్ల వెడల్పున్న నవ్వు మొహం బొమ్మలు కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. మనిషి పనల్లా ఆ పొట్టి పోగుల్లో ఉండాల్సిన అక్షరాల వరుసను ముందే లెక్కగట్టడం. 1980ల్లోనే ఈ దారి వేసిన శాస్త్రవేత్త నాడ్రియన్ సీమన్ పేరు కూడా ఇప్పుడు చేర్చాను.