సవరణ: అంటారియో మిడ్‌వైఫ్‌ల స్వయం నియంత్రణ

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో పురుళ్లు పోసే నిపుణులైన మిడ్‌వైఫ్‌ల మీద నేను రాసిన పోస్టులో "1991లో చట్టం వచ్చింది, అప్పటి నుంచి వాళ్ల మీద ప్రభుత్వ పెత్తనం లేదు" అని ఉంది. ఆ వాక్యాన్ని సవరిస్తున్నాను.

మిడ్‌వైఫ్‌లు తమ వృత్తిని తామే నియంత్రించుకునేలా చేసిన ఆ చట్టం 1991లో ఆమోదం పొందిన మాట నిజమే కానీ, అమల్లోకి వచ్చింది 1993 డిసెంబర్ 31న. ఆ మధ్యకాలం ఊరికే పోలేదు. అప్పటికే పురుళ్లు పోస్తున్నవాళ్ల అర్హతలు పరీక్షించారు, 1993లో యూనివర్సిటీల్లో డిగ్రీ కోర్సు మొదలుపెట్టారు.

ఇక పెత్తనం సంగతి. లైసెన్సులిచ్చే కాలేజ్ ఆఫ్ మిడ్‌వైవ్స్ (ఇది చదువు చెప్పే కాలేజీ కాదు, వృత్తిని నియంత్రించే సంస్థ) పాలకవర్గంలో మిడ్‌వైఫ్‌లు ఎన్నుకున్న ప్రతినిధులతో పాటు, ప్రభుత్వం నియమించిన, ఆ వృత్తికి సంబంధం లేని పౌరులూ ఉంటారు. కాన్పు సమయంలో తనను సరిగా చూసుకోలేదని ఒక తల్లి ఫిర్యాదు చేసిందనుకోండి. కేసు రికార్డులు, మిడ్‌వైఫ్ జవాబు ముందు పెట్టుకుని విచారించే కమిటీలోనూ ఈ రెండు రకాలవాళ్లూ కూర్చుంటారు. వాళ్ల నిర్ణయం నచ్చకపోతే తల్లి అయినా, మిడ్‌వైఫ్ అయినా విడిగా ఉన్న సమీక్షా బోర్డుకు వెళ్లొచ్చు. అవసరమైతే కాలేజీని ఆదేశించే అధికారం ఆరోగ్య మంత్రికీ ఉంది.

ఇలా ఉండటమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. జీతాలు, హక్కుల కోసం పోరాడటానికి మిడ్‌వైఫ్‌ల సంఘం వేరే ఉంది. కాలేజీ ఉన్నది తల్లీబిడ్డల రక్షణ కోసం.