పంచాగ్నుల నడుమ మా బావమరిది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అంటారు. రోళ్ల సంగతి నాకు తెలియదు, మా ఇంట్లో మిక్సీ ఉంది. కానీ పోయినేడు మే నెలాఖరున, మధ్యాహ్నం రెండు గంటలకు, హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఒక మనిషి పగిలిపోవడం కళ్లారా చూశాను. ఆ మనిషి మా బావమరిది. కూర్చున్నది పసుపుపచ్చ స్పోర్ట్స్ కారులో. పక్కన ఆగిన ఆటో డ్రైవర్ బాగా కిందికి వంగి, అద్దంలోంచి తొంగిచూసి, నిజమైన జాలితో అడిగాడు: "అన్నా, పానం మంచిగున్నదా? నీళ్లు కావాల్నా?"

అతని ఆటోకి తలుపులు లేవు. గాలి ఇటు నుంచి అటు పోతోంది. మాకు రెండు తలుపులున్నాయి, రెండూ మూసి ఉన్నాయి, ఏసీ అప్పుడే ఆగిపోయింది.

ఇలాంటి కారు ఉన్నవాళ్లను లోకం జల్సారాయుళ్లంటుంది. సాటి పౌరుడిగా నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. మన పురాణాల్లో పంచాగ్ని తపస్సు అని ఒకటుంది. నాలుగు దిక్కులా నాలుగు మంటలు పెట్టుకుని, నెత్తి మీద సూర్యుడిని అయిదో అగ్నిగా భావించి మధ్యలో కూర్చోవాలి. పార్వతీదేవి అలా కూర్చుని శివుడిని సాధించుకుందంటారు. ఉత్తర తెలంగాణలో, 45 డిగ్రీల ఎండలో స్పోర్ట్స్ కారు నడిపేవాడు చేసేది అచ్చంగా అదే. కాకపోతే ఇంతవరకు ఏ దేవుడూ ప్రత్యక్షం కాలేదు. మీటరు పక్కన ఒక ఎర్ర లైటు మాత్రం ప్రత్యక్షమవుతుంది.

కారు పేరు చెప్పను. ముందు భాగాన ఒక జంతువు బొమ్మ ఉంటుందని మాత్రం మనవి చేస్తాను. మా బావమరిదికి కరీంనగర్ వైపు గ్రానైట్ వ్యాపారం. జీవితమంతా బండరాళ్లు అమ్మి, చివరికి బండరాయిలా కదలనిదే ఒకటి కొన్నాడని మా ఆవిడ అంటుంది గానీ, అది అక్కాతమ్ముళ్ల వ్యవహారం. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు. కొత్తది కొనబోతే లెక్క కుదరలేదు. పూర్తిగా విదేశంలో తయారై వచ్చే ఇలాంటి కార్ల మీద మన దేశంలో ఏళ్ల తరబడి దిగుమతి సుంకం వంద శాతం ఉండేది. మనం ఒక కారు కొంటే సర్కారుకు ఇంకొకటి కొనిచ్చినట్టు. ఈ ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చే వర్తకుల సరుకు లాక్కోబోమని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించాడు. మా బావమరిది ఏడు వందల ఏళ్లకు పైగా ఆలస్యంగా పుట్టాడు.

ఇక అగ్నుల సంగతి. పైన సూర్యుడు, ఆయన అందరివాడు, ఆయన గురించి చెప్పేదేమీ లేదు. కింద తారు రోడ్డు. మామూలు కారులో కూర్చుంటే రోడ్డు ఎక్కడో కింద ఉంటుంది. ఇందులో కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టే. ముందు పెద్ద అద్దం. గాలిని కోసుకుంటూ పోవడానికి దాన్ని దాదాపు పడుకోబెట్టారు, అందుకని మిట్టమధ్యాహ్నం ఎండంతా నేరుగా ఒళ్లోకి వచ్చి కూర్చుంటుంది. సీట్లు నల్ల తోలువి. గంటసేపు ఎండలో పెట్టి వస్తే సీటు బెల్టు కొక్కెం పెట్టే వాత చిన్నప్పుడు కామెర్లకు పెట్టిన వాతను గుర్తుచేస్తుంది. కొత్తవాడ నుంచి ఒక జంపఖానా తెచ్చి సీట్ల మీద పరిచాం. ఆ కారును డిజైన్ చేసినవాళ్లు చూస్తే కన్నీళ్లు పెట్టుకునేవారు. మాకు మాత్రం ఒళ్లు కాలడం తగ్గింది.

అసలైన అగ్ని వెనక ఉంది. ఈ కారుకు ఇంజిన్ ముందుండదు, వీపు వెనక ఉంటుంది. మధ్యలో ఒక అద్దం. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో చక్రాల దాకా చేరేది మూడో వంతు కూడా కష్టమే, మిగిలినదంతా వేడి. అంటే న్యాయంగా మాట్లాడితే ఇది పొయ్యి. ముందుకు కదలడం దాని అదనపు గుణం. మన ఊళ్లలో ఇటుక బట్టీకి వీపు ఆనించి ఎవరూ కూర్చోరు, అందుకు డబ్బు కట్టేవాళ్లు అసలే ఉండరు.

ఏసీ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది, చాలా మంచిది. అయితే దానికి కొన్ని నియమాలున్నాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ బలమంతా చక్రాలకు ఇవ్వాలని కంప్యూటర్ ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. సిగ్నల్ దగ్గర నిలబడితే ఇంజిన్ కాగిపోతోందని అప్పుడూ ఆపేస్తుంది. కాబట్టి మరీ వేగంగా పోకుండా, మరీ ఆగకుండా, మధ్యస్థంగా వెళ్తూ ఉంటే చల్లగా ఉంటుంది. మండీబజార్‌లో మధ్యస్థంగా వెళ్తూ ఉండడం ఎలాగో ఆ కంపెనీవాళ్లు పుస్తకంలో రాయలేదు.

అయిదో అగ్ని నెల నెలా అయిదో తారీఖున వస్తుంది. బ్యాంకు నుంచి మెసేజ్ రూపంలో.

ఇంటికొచ్చి తాళం తీసేశాక కూడా ఫ్యాన్లు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. కారు వాకిట్లో నిలబడి హుమ్మంటూ మూలుగుతుంది. మా అత్తమ్మ మొదటిసారి విన్నప్పుడు చెంబుతో నీళ్లు తీసుకుని బయటికి వచ్చింది. "పాపం, దానికి దూపయితున్నట్టుంది బిడ్డా" అంది. ఇంతవరకు ఆ కారు గురించి విన్న సాంకేతిక అభిప్రాయాల్లో అంత కచ్చితమైనది మరొకటి లేదు.

ఇక్కడ గుర్రాల ప్రస్తావన తేవాలి. కారులో 500 గుర్రాల బలం ఉందని మా బావమరిది పెళ్లిళ్లలో చెబుతుంటాడు. వేడి గాలి పలచగా ఉంటుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో, అదే కొలతకు, ఆక్సిజన్ దాదాపు పదో వంతు తక్కువ. ఇంజిన్ తినేది గాలి కొలతనే గనక బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. టర్బో ఉన్న కార్లలో గాలిని నొక్కి పంపిస్తారు. నొక్కితే అది ఇంకా కాగుతుంది, కాగితే కంప్యూటర్ భయపడి బలం తగ్గిస్తుంది. ఏ దారిన పోయినా నష్టమే. మా లెక్క ప్రకారం 50 గుర్రాలు ఏటా ఉగాది దాటాక చెప్పాపెట్టకుండా వెళ్లిపోయి, మిరుగు చేపలు తిన్నాక తిరిగి వస్తాయి. వాటి ఈఎంఐ మాత్రం సెలవు తీసుకోదు.

ఇది కొత్త కథ కూడా కాదు. మార్కో పోలో 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చినప్పుడు పాండ్య దేశపు గుర్రాల బేరం గురించి చెప్పాడు. అరేబియా వైపు నుంచి ఓడల్లో వేల గుర్రాలు దిగేవట. ఇక్కడ వాటిని చూసుకోవడం తెలియక, వాతావరణం పడక చచ్చిపోయేవట, రాజులు మళ్లీ కొనేవారట. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. గుర్రాలకు వైద్యం చేసేవాళ్లను ఆ వర్తకులు ఇటువైపు రానిచ్చేవారు కాదట, బేరం దెబ్బతింటుందని. ఈ వాక్యం చదివి వినిపించినప్పుడు మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది. ఎర్ర లైటు వెలిగిన ప్రతిసారీ కారును లారీ ఎక్కించి 145 కిలోమీటర్లు పంపాలి. ఆ రోడ్డు మీద ఆ కారు చేసిన ప్రయాణాల్లో ఎక్కువ భాగం లారీ వీపు మీదే జరిగాయి. లారీ డ్రైవర్ మాత్రం మంచి మైలేజీ వస్తోందని చెప్పాడు.

టైర్ల గురించి ఒక్క మాట. వాటిని సమ్మర్ టైర్లు అంటారు, మనకోసమే చేశారనుకుని సంబరపడ్డాం. తర్వాత తెలిసిందేమిటంటే, యూరప్‌లో 7 డిగ్రీలు దాటితే వేసుకునేవి సమ్మర్ టైర్లట. వాళ్ల ఎండాకాలం అక్కడ మొదలవుతుంది. మనకు 17 డిగ్రీలకే మంకీ టోపీలు బయటికి వస్తాయి.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే అక్కడ బాధితుణ్ణి నేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కారు కడుపు నేలకు సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాగితం మీద మేమే గెలిచాం. కానీ ములుగు రోడ్డు దిగి పల్లెల్లోకి పోతే, అక్కడ స్పీడ్ బ్రేకర్లు కాగితం చూసి వేసినవి కావు. ఎవరి మేక ఏ బండి కింద పడిందో, వాళ్ల కోపం ఎంతో, అంత ఎత్తు ఉంటాయి. అలాంటిది కనబడగానే మా బావమరిది కారు ఆపి నా వైపు చూస్తాడు. నోటితో ఏమీ అనడు. బరువు తగ్గడానికి నేను దిగాలి. దిగడమంటే తలుపు తీసి లేవడం కాదు. ముందు చేతులు రోడ్డు మీద ఆనించాలి, తర్వాత మోకాలు, తర్వాత దేవుడు. ఆ తర్వాత ఎండలో ముందు నడుస్తూ, వంగి కింద చూస్తూ, "రా, రా, ఎడమకు, ఇంకొంచెం" అని చెయ్యి ఊపాలి. కారు ఏటవాలుగా, పాము చర్మం విడిచినట్టు, మెల్లగా దాటుతుంది. ఊరి పిల్లలు చప్పట్లు కొడతారు. గంటకు 300 కిలోమీటర్లు పోగల కారుకు నేను కాలినడకన దారి చూపిస్తున్నాను. ఒకసారి ఒక ముసలాయన బీడీ పక్కనపెట్టి అడిగాడు: "కారు కొత్తగ నేర్సుకుంటున్నడా?"

సరే, పల్లెలు వద్దు, హైవే ఉంది కదా అంటారా? నాలుగు వరుసల హైవే మీద కార్లకు కేంద్రం 2018లో ఇచ్చిన గరిష్ఠ పరిమితి గంటకు 100. చట్టం ప్రకారం మా బావమరిది తన కారులో మూడో వంతు మాత్రమే వాడుకోవచ్చు. మిగతా రెండు వంతులు వాకిట్లో మూలుగుతుంటాయి.

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒకరోజు ట్రాక్టర్ల వరసలో ఇరుక్కున్నాం. ముందు మిర్చి బస్తాలు, వెనక మిర్చి బస్తాలు, మధ్యలో మేము, కళ్లలో నీళ్లు. ముందున్న ట్రాక్టర్ మీద ఒక రైతు తలకు తువ్వాల చుట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, మాకంటే ఆరడుగుల ఎత్తున, రాజుగారిలా కూర్చుని ఉన్నాడు. అప్పుడు నేను బావమరిదికి లంబోర్గిని చరిత్ర చెప్పాను. ఫెరూచో లంబోర్గిని 1948లో మొదలుపెట్టింది ట్రాక్టర్ల కంపెనీ. కార్ల కంపెనీ పెట్టింది ఆ తర్వాత, 1963లో. "అంటే ఆయనకు మొదట్లో బుద్ధి మంచిగనే ఉండె కద బావా" అన్నాడు వాడు, ట్రాక్టర్ వైపే చూస్తూ.

ఈ తపస్వుల తరఫున కొన్ని డిమాండ్లు ప్రభుత్వం ముందు పెట్టాలనుకున్నాను. చలివేంద్రాల దగ్గర మనుషుల రంజన్ల పక్కనే రేడియేటర్లకు వేరే రంజన్ ఉంచాలి. వడదెబ్బ బాధితుల జాబితాలో కార్లను కూడా చేర్చాలి, కనీసం వాటి యజమానులను. వడ్డేపల్లి చెరువు కట్ట రోడ్డును తెల్లవారుజామున అరగంట వీళ్లకు వదలాలి. ఈ మూడోదాన్ని వాకింగ్‌కు వచ్చేవాళ్లు ఒప్పుకోలేదు. షుగర్ ఉన్నవాళ్లతో వాదించలేం.

ప్రభుత్వం మీద ఆశ వదులుకుని మా బావమరిది తల్లుల మీద భారం వేశాడు. ఈ ఎండాకాలం ఎర్ర లైటు వెలగకుండా గడిస్తే మేడారంలో సమ్మక్క సారలమ్మలకు కారు ఎత్తు బంగారం ఇస్తానని మొక్కాడు. మేడారంలో బంగారమంటే బెల్లమని మీకు తెలుసు, మనిషి బరువుకు సరితూగే బెల్లం ఇస్తారు. కారు బరువు 1,500 కిలోలు. మొక్కేటప్పుడు వాడు పుస్తకం చూసుకోలేదు. తల్లులు కరుణించారు. జూన్‌లో వానలు పడేదాకా లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. వెలగకపోవడానికి ఏప్రిల్ నుంచి కారు కవర్ తీయకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

జాతర రెండేళ్లకోసారి, మాఘమాసంలో. పదిహేను క్వింటాళ్ల బెల్లం. కారు డిక్కీ ముందు వైపు ఉంటుంది, అందులో రెండు కిలోల సంచి పెడితే మూత మళ్లీ తెరుచుకుంటుంది. మొన్న పొద్దున వాడు మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"బావా, మీ ఊర్ల తెలిసినోళ్లది ట్రాక్టర్ ఉందన్నవ్ కద. కిరాయికి మాట్లాడు."

"మాట్లాడతా. నువ్వు కారులో వెనక వస్తావా?"

వాడు కాసేపు ఆలోచించాడు.

"వద్దు బావా. నేను ట్రాక్టర్ల కూసుంట. గాలి మంచిగొస్తది."