మోటారుకు మీటరంటే రైతుకు అనుమానం ఎందుకు?

వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెడతామని ఏ ప్రభుత్వం అన్నా ఊళ్లలో ముందు మొదలయ్యేది అనుమానమే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో ఈ పని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. బిల్లు డబ్బు రైతు ఖాతాలో వేస్తాం, అక్కడి నుంచి కరెంటు పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు పోతుంది, రైతుకు పైసా భారం లేదని చెప్పింది. పక్కనే తెలంగాణలో కేసీఆర్ మాత్రం, కేంద్రం అదనపు అప్పు ఆశ చూపినా మీటర్లు పెట్టేది లేదన్నారు. దాన్నే ఎన్నికల ప్రచారాస్త్రం చేసుకున్నారు.

రైతులకు అవగాహన లేకే భయపడుతున్నారని నిపుణులు అంటుంటారు. నేను ఒప్పుకోను. రాజకీయ అర్థశాస్త్రం వైపు నుంచి చూస్తే రైతు లెక్క చాలావరకు సరైనదే.

అసలు ఉచిత విద్యుత్తు ఎలా వచ్చింది? పెద్ద గుంపు సంఘటితం కావడం కష్టం, ఫలితం అందరికీ వచ్చేదే కాబట్టి ఎవరికివారు పక్కవాడు పోరాడితే చాలనుకుంటారు అని ఆర్థికవేత్త మాన్‌కర్ ఓల్సన్ 1965లో వాదించారు. ఆ లెక్కన ఊరూరా చెదిరి ఉన్న బోరు రైతులకు ఏమీ దక్కకూడదు. కానీ 2000లో కరెంటు ఛార్జీల పెంపు అందరినీ ఒకేసారి తాకింది. జనాన్ని కూడగట్టే ఖర్చు, శ్రమ ప్రతిపక్షాలు తలకెత్తుకున్నాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీదే పెట్టారు. ఆ పథకం సాధ్యం కాదన్న తెలుగుదేశం 2014లో అధికారంలోకి వచ్చాక దాని జోలికి పోలేదు. పోటీ పడే పార్టీలు చివరికి మధ్యస్థ ఓటరు (అభిప్రాయాల వరుసలో సరిగ్గా నడుమ ఉండేవాడు) దగ్గరికే చేరతాయని 1957లో మరో ఆర్థికవేత్త ఆంథనీ డౌన్స్ చెప్పింది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

మీటరు దగ్గరికి వచ్చేసరికి ఓల్సన్, డౌన్స్ చెప్పిన ఈ రెండూ చాలవు. ఆర్థికవేత్తలు రాకెల్ ఫెర్నాండెజ్, డానీ రోడ్రిక్ 1991లో చూపించిన మెలిక ఇక్కడ పనికొస్తుంది. వాళ్ల ఆలోచనను మన లెక్కలో పెట్టి చూద్దాం. వందమంది రైతులున్నారు. సంస్కరణ వల్ల తమకు లాభమని 40 మందికి ముందే తెలుసు. మిగతా 60 మందిలో 20 మందికి లాభం, 40 మందికి అంతే నష్టం. అయితే ఎవరికి ఏది అన్నది ఎవరికీ తెలియదు. ఆ 60 మందిలో ఎవరు లెక్కేసుకున్నా నష్టపోయే అవకాశమే రెట్టింపు. కాబట్టి 60 మందీ వద్దంటారు. జరిగితే 60 మంది బాగుపడే పని 60 ఓట్లతో ఓడిపోతుంది! ఇందులో అజ్ఞానం ఎక్కడుంది?

దీనికి నమ్మకం సమస్య తోడైంది. ఈరోజు ఇచ్చిన మాట రేపటి ప్రభుత్వాన్ని కట్టిపడేయదు. గ్యాస్ సిలిండర్ సంగతి ప్రతి ఇంటికీ తెలుసు: ముందు పూర్తి ధర కట్టండి, సబ్సిడీ ఖాతాలో పడుతుందన్నారు. కొన్నాళ్లు పడింది కూడా. 2020 నుంచి చాలామందికి అది ఆగిపోయింది. ఎవరూ చట్టం మార్చలేదు, ఎవరూ ప్రకటన చేయలేదు. అది చూసిన రైతుకు మీటరు పెడితే మోటారు పేరు మీద ఒక లెక్క పుడుతుందని, లెక్కంటూ ఉంటే ఏదో ఒకరోజు దానికి బిల్లు వస్తుందని అనిపించదా?

మీటరు లేకపోవడం రైతుకొక్కడికే అనుకూలం అనుకుంటే పొరపాటు. మీటరు లేని మోటారు ఎంత కాల్చిందో అంచనా వేయాల్సిందే. లైన్లలో పోయిన కరెంటు, దొంగతనంగా పోయిన కరెంటు కూడా ఆ అంచనాలో కలిపేసే వీలు డిస్కంలకు ఉంటుంది. అంటే నష్టానికి రైతు పేరు, సబ్సిడీకి ప్రభుత్వం పేరు. ఈ ఏర్పాటు ఇన్నేళ్లు నిలబడిందంటే రైతు ఓటు ఒక్కటే కారణం కాదు.

ఇదే రైతులు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకోలా ప్రవర్తిస్తారు. అది కాలిపోతే దానికింద మోటార్లున్నవాళ్లంతా తలా ఇంత వేసుకుని బాగు చేయించుకుంటారు. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో అందరికీ తెలుస్తుంది కాబట్టి చిన్న గుంపు తేలిగ్గా సంఘటితమవుతుందని ఓల్సన్ చెప్పింది ఇక్కడ నిజమవుతుంది. అక్కడ కూడా కెపాసిటర్ల (వోల్టేజీ పడిపోకుండా మోటారుకు బిగించే చిన్న పరికరాల) విషయం తేలలేదు. అందరూ బిగిస్తేనే వోల్టేజీ మెరుగుపడేది, ఒక్కడు బిగిస్తే ఖర్చు తప్ప పెద్దగా ఒరిగేది లేదు. అందుకే చాలాచోట్ల ఎవరూ బిగించలేదు.

మీటరు మోటారుకు కాకుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టొచ్చు. వాడకం తెలుస్తుంది, ఏ రైతు పేరు మీదా బిల్లు పుట్టదు. నిజంగా కావాల్సింది లెక్కే అయితే ముందు అక్కడ మొదలుపెట్టాలి. అప్పుడు లైన్లలో ఎంత పోతోందో కూడా బయటపడుతుంది గనక, మొదటి అభ్యంతరం పొలాల వైపు నుంచి రాదనే నా అనుమానం.