“విమానానికి ఒకడే కెప్టెన్” మెసేజ్‌కు ఒక ఐసీయూ నర్సు జవాబు

వారం రోజులుగా హైదరాబాద్ హాస్పిటల్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “విమానానికి ఒకడే కెప్టెన్, రోగికి ఒకడే డాక్టర్. నర్సు, ఫార్మసిస్ట్, ఫిజియో అందరూ నోరు పెడితే వైద్యం ఆలస్యమవుతుంది. చెక్‌లిస్టులు ఉత్త కాగితాల తంతు. మనుషులు మంచివాళ్లయితే టీమ్‌వర్క్ దానంతటదే వస్తుంది.” ఇదీ దాని సారాంశం. ఇందులో ఒక మాటలో మాత్రం సగం నిజం ఉంది.

ముందు కెప్టెన్ సంగతి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే దిగలేదేమోనని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. పేరున్న సీనియర్ కెప్టెన్ దాన్ని కొట్టిపారేసి ముందుకే పోనిచ్చాడు. ఇలాంటి ప్రమాదాలు చూశాకే జూనియర్లకు గట్టిగా చెప్పడం, కెప్టెన్లకు ఆగి వినడం శిక్షణలో నేర్పడం మొదలైంది. కెప్టెన్ ఇప్పటికీ ఒకడే, పక్కవాడికి నోరు వచ్చింది, అంతే. అంత దూరం ఎందుకు, మన ఊళ్లోనే 1880ల చివర్లో నిజాం అండతో, క్లోరోఫామ్ అనే మత్తుమందు ఎంత భద్రమో పరీక్షించే కమిషన్లు (విచారణ సంఘాలు) నడిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, మత్తు ఇచ్చేవాళ్లు ఊపిరి చూస్తే చాలు, నాడి చూడక్కర్లేదని ఢంకా బజాయించాడు. క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపేయగలదని తర్వాత తేలింది. ఎంత పెద్ద డాక్టరైనా పొరబడతాడు మరి.

ఇక ఆలస్యం. గుండె ఆగిన రోగి పక్కన మీటింగ్ పెట్టమని ఎవరన్నారు? అక్కడ ఒక్కరే చెప్పాలి. “అడ్రినలిన్ ఒక మిల్లీగ్రామ్” అని డాక్టర్ అనగానే, “ఒక మిల్లీగ్రామ్ ఇచ్చాను సార్” అని నర్సు పైకి అంటుంది, ఇంకొకరు టైమ్ రాస్తారు. దీనికి పట్టేది రెండు సెకన్లు.

ఎక్కువ ప్రమాదం తొందర లేని చోటే. నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆసుపత్రిలో కీళ్లవాతం ఉన్న పెద్దావిడ న్యుమోనియాతో చేరింది. ఇంట్లో వాడే మందులన్నీ డ్రగ్ చార్ట్‌లోకి ఎక్కించారు. వాటిలో మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకునే మాత్ర. చార్ట్‌లో రోజూ అని పడింది. అలా రోజూ వేస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. డ్యూటీ డాక్టర్ రాశాడు, కన్సల్టెంట్ సంతకం పెట్టారు, మాత్ర తీసి ట్రేలో పెట్టింది నేనే. రౌండ్స్‌లో చివర నిలబడ్డ ఫార్మ్‌డీ (ఫార్మసీ కోర్సు) అమ్మాయి, “సార్, ఇది వీక్లీ కదా?” అంది. కన్సల్టెంట్ మొహం చిట్లించారు. చార్ట్ లాక్కుని చూశారు, కొట్టేశారు, ఏమీ అనకుండా పక్క బెడ్‌కు వెళ్లిపోయారు. ఆ అమ్మాయికి థాంక్స్ కూడా దక్కలేదు. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సహించలేదు.

చెక్‌లిస్టుల గురించి అన్నదే ఆ సగం నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టును ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు దాన్ని అమల్లోకి తెచ్చాక చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో ఇంకో అధ్యయనం వచ్చింది. కాగితం ఒక్కటే సరిపోదని నేనూ ఒప్పుకుంటాను. కత్తి పెట్టే ముందు ఓటీలో అందరూ ఆగి పేరు, పని చెప్పుకుని, ఏ రోగి, ఏ వైపు అని పైకి అనుకోవడం వేరు, కేసు అయ్యాక కూర్చుని టిక్కులు కొట్టడం వేరు. రెండోదే చాలాచోట్ల జరుగుతోంది. తప్పు చెక్‌లిస్టుదా?

మంచితనం మాటకొస్తే, మా ఐసీయూలో అందరూ మంచివాళ్లే. సిస్టర్లలో సగం మంది కేరళ వాళ్లు, డ్యూటీ డాక్టర్ తెలుగు, కన్సల్టెంట్ ఫోన్‌లో ఇంగ్లిష్, హిందీ కలిపి మాట్లాడతారు. రాత్రి రెండింటికి, మానిటర్ల మోతలో, “ఫిఫ్టీన్” అన్నారా “ఫిఫ్టీ” అన్నారా అన్నది మంచితనంతో తేలదు. అందుకే ఫోన్ ఆర్డర్ రాసుకుని, “ఒకటి, ఐదు, పదిహేను, అంతేనా సార్?” అని చదివి వినిపిస్తాం. మొదట్లో కొందరు “చెవుడా సిస్టర్?” అని విసుక్కునేవారు. ఇప్పుడు మేం చదవకపోతే వాళ్లే ఫోన్ పెట్టరు.