పులస, విలస, ఒక సున్నా

మా నాన్నగారికి ఎనభై రెండేళ్లు. రాజోలు దగ్గర మా ఊళ్లో కొబ్బరితోట మీదే జీవితమంతా గడిపిన మనిషి కావడం వల్ల, ఎవరు ఏ వస్తువు ధర చెప్పినా ఆయన దానిని రూపాయల్లో వినరు, కొబ్బరికాయల్లో వింటారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మొన్న సెలవులకు వస్తూ నాలుగు వేల రూపాయల బూట్లు వేసుకొచ్చాడు. కాయ పది రూపాయల లెక్కన అవి నాలుగు వందల కాయలనీ, చెట్టుకు ఏడాదికి వంద కాయల చొప్పున నాలుగు చెట్ల కాపును మనవడు కాళ్ల కింద వేసి తొక్కుతున్నాడనీ నాన్నగారు నిమిషంలో తేల్చి, వాటిని గుమ్మం బయట వదలనివ్వక బీరువాలో పెట్టించారు.

ఆయన పొదుపును పిసినారితనమని అనడానికి నాకు నోరు రాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరిని ఒక్క రాత్రిలో నేలకూల్చినప్పుడు మా తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టాము. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది పోస్టాఫీసు చలవే. 1988లో కిసాన్ వికాస్ పత్రాలు మొదలైనప్పుడు అయిదున్నరేళ్లకు సొమ్ము రెట్టింపయ్యేది కనుక, చెట్టు పడిపోవచ్చు గాని పత్రం పడిపోదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. ఇప్పుడు అదే పత్రం రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతోంది. "అన్నాళ్లు ఆగితే ఆ బూట్ల ధర కూడా రెట్టింపవుతుంది తాతయ్యా, అందుకే ఇప్పుడే కొన్నాను" అని మా వాడి వాదన. ఆ లెక్క తప్పని వాడితో అనలేను, ఒప్పని నాన్నగారి ఎదుట అనలేను.

ఇంతలో గోదావరికి ఎర్రనీరు తగిలింది, పులసల కాలం వచ్చింది. సముద్రంలో ఉన్నంతసేపూ విలస అనిపించుకునే చేప, వరద నీటికి ఎదురీదుతూ ధవళేశ్వరం వైపు వచ్చేసరికి పులస అయిపోతుంది. పేరులో ఒక్క అక్షరమే మారినా ధరలో మాత్రం సున్నాలే మారతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలని మన పెద్దలే అన్నారు కదా అని మా వాడు గుర్తుచేస్తే, "పుస్తెలమ్మి తినమన్నారు గాని, పోస్టాఫీసులోది తీసి తినమని ఎవరూ అనలేదురా" అని నాన్నగారు ఆ సామెతకు హద్దు గీసేశారు.

ఒకనాటి ఉదయం చేపలమ్మే ఆవిడ గంప దించింది. తొమ్మిది వేలతో మొదలైన బేరం ఏడున్నర వేల దగ్గర తెగింది. నాన్నగారితో మాత్రం ఇది విలసేననీ, 750 రూపాయలనీ చెప్పాలని నేనూ మా వాడూ పెరట్లో ఒప్పందం చేసుకున్నాము. అద్దాలు పగలకుండా కళ్లజోడు మార్చడం దండగని మూడేళ్లుగా డాక్టరు మాటను వాయిదా వేస్తున్న ఆయన, అరుగు మీది పడక కుర్చీలోంచి చేపను పోల్చుకోలేరని మా ధీమా. ఆ పొదుపు మాకిలా కలిసివస్తుందని అంతకుముందు నేను ఊహించలేదు.

గంపలో తడి గోనెసంచి పక్కన, పాలిథీను కవరులో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన చిన్న స్పీకరు డబ్బా ఒకటి ఉందనీ, ఆ కవరు మీద ఒక చేప పొలుసు తళతళలాడుతోందనీ చూశాను గాని, దానికి నోరుంటుందన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. మా వాడు ఫోను చూపించి డబ్బు పంపించాడు. మరుక్షణం, రైలు స్టేషనులో రైళ్ల రాకపోకలు చెప్పే ఆవిడ గొంతులాంటి గొంతుతో, "ఏడు వేల అయిదు వందల రూపాయలు అందాయి" అని గంప పలికింది.

ఎడమ చెవికి ఉరుము కూడా వినపడని నాన్నగారు తల ఎత్తి, "ఎంతా?" అన్నారు.

"ఏడు వందల యాభయ్యండి. ఆ డబ్బా పాతది, తడిసి తప్పు పలుకుతోందండి" అన్నాను.

"పాతదేంటండి బాబుగారూ, మొన్ననే మా మనవడు తెచ్చి ఇచ్చాడండి" అని ఆవిడ నొచ్చుకుని, డబ్బా మీది మీట నొక్కి అదే మాటను మళ్లీ చెప్పించింది. విలసకు అంత ధర ఏమిటని నాన్నగారు అడిగేసరికి ఆవిడకు మరింత పౌరుషం వచ్చింది. "విలసంటారేంటండీ! ఎర్రనీళ్లలో తెల్లారగట్ల పడిన పులసండి, ఆయ్!" అని చేపను మొప్పల దగ్గర పట్టుకుని ఆయన ముక్కు దగ్గరికి తీసుకువెళ్లింది.

నాన్నగారు కోప్పడలేదు. కాసేపు ఆయన పెదవులు మాత్రం కదిలాయి. "ఏడు వందల యాభై కాయలు. ఏడున్నర చెట్ల ఏడాది కాపు" అని ఎవరికీ కాకుండా చెప్పుకుని, కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు.

మట్టిదాకలో, సన్నని సెగ మీద, బెండకాయలు వేసి పెట్టిన ఆ పులుసును ఆయన ఆ పూట ముట్టలేదు. పులస పులుసు మర్నాటికి గాని రుచికి రాదని తెలిసి ముట్టలేదో, అలిగి ముట్టలేదో నేను చెప్పలేను. మర్నాడు మాత్రం పారబోస్తే పాపమంటూ రెండు ముక్కలు వేయించుకున్నారు, మూడోది అడిగి వేయించుకున్నారు. ముళ్లకు పెట్టింది పేరైన ఆ చేపలో ఒక్క ముల్లును కూడా ఊరికే వదలకుండా, ఒక్కొక్కటే జుర్రి, ఆకు అంచున కట్టెల మోపులా పేర్చారు.

ఆ రాత్రి బల్ల మీద ఆయన పద్దుల పుస్తకం తెరిచి ఉంటే చూశాను. పాలు, కరెంటు బిల్లు, దింపు కూలీ, వాటి కింద "చేప – 750" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. నేను చెప్పిన అబద్ధాన్ని ఆయనే మన్నించి, పరువు కోసం ఒక సున్నా మింగారని ముందు పొంగిపోయాను. పుస్తకాన్ని దీపానికి దగ్గరగా జరిపి చూస్తే, పై పద్దులన్నింటికీ ముందున్న "రూ." దీనికి లేదు.