రెండో చుట్టుకే కూలిన యెరికో

సంఘంలో పిల్లల పరిచర్యకు దరఖాస్తు పెట్టుకుని వచ్చినవాడు ఇంతవరకు లేడు. ఆరాధన అయిపోయాక ప్రకటనల దగ్గర పాస్టరు గారు "పిల్లల పరిచర్య మీద భారం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే..." అని ఆగుతారు. ఆ కాస్త విరామంలో అనుభవం ఉన్నవాళ్లంతా బైబిలు కవరు జిప్పుతో కుస్తీ పడుతుంటారు. మరీ ఆరితేరినవాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోతారు. ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించే ధైర్యం ఎవరికుంటుంది? అమాయకంగా తలెత్తి చూసినవాడికే భారం ఉన్నట్టు లెక్క. "ప్రార్థన చేసి చెప్తానండీ" అనే రాజమార్గం ఒకటుంది గానీ, ఆ మాట నోటిదాకా వచ్చేలోపే నన్ను సండే స్కూల్ వాట్సాప్ గ్రూపులో చేర్చేశారు.

ఈ పనికి ఆద్యుడని అందరూ చెప్పుకునే రాబర్ట్ రెయిక్స్ ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో పత్రిక నడిపినాయన. వారంలో ఆరు రోజులూ పనుల్లో మగ్గిన పేదపిల్లలు ఆదివారం వీధుల్లో చేసే ఆగం చూడలేక 1780లో బడి పెట్టించాడు. మొదట్లో ఆ బడిలో చదువు చెప్పేవాళ్లకు కూలి కూడా ముట్టేది. తర్వాత ఎవరికి ఏం తోచిందో, అది ఉచిత సేవ అయిపోయింది. పైగా ఆ పిల్లలు ఆరు రోజులు చాకిరీ చేసి అలిసిపోయి వచ్చేవాళ్లు. మనవాళ్లు ఆరు రోజులు బళ్లో నోరు మూసుకుని కూర్చుని, మిగిలిన శక్తినంతా పైసా ఖర్చు పెట్టకుండా ఆదివారానికి పట్టుకొస్తారు. రెయిక్స్ గారు అదృష్టవంతుడు.

ఏటా పిల్లల ఆదివారం నాడు ఒక నాటిక వేయిస్తారు. ఈసారి బైబిల్లోని యెరికో పట్టణం గోడలు కూలడం వేద్దామని అక్క అంది. అక్క అంటే నాతోపాటు సండే స్కూల్ చూసుకునే ఆవిడ. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలన్నది మా సంఘం నియమం. అది పిల్లల భద్రత కోసమని కాగితం మీద ఉంటుంది. నాటిక రోజుల్లో మాత్రం అది పెద్దవాళ్ల భద్రతకే ఎక్కువ పనికొస్తుంది.

కథ చూస్తే ఏ దర్శకుడికైనా నోరూరాల్సిందే. డైలాగులు తక్కువ. ఇశ్రాయేలీయుల సైన్యం ఆరు రోజులు రోజుకొక్కసారి పట్టణం చుట్టూ తిరగాలి, ఏడో రోజు ఏడుసార్లు. ముందు ఆయుధాలు పట్టినవాళ్లు, వాళ్ల వెనక ఏడు బూరలతో ఏడుగురు యాజకులు, ఆ వెనక దేవుని ఆజ్ఞల పలకలుండే పవిత్రమైన పెట్టె, అదే మందసం, చివర దండు వెనుకభాగం. చివరి చుట్టులో బూర ఊదగానే అందరూ కేక వేస్తారు, గోడ కూలుతుంది. మొదటి ఆరు రోజుల్నీ వ్యాఖ్యాతకు అప్పజెప్పి, ఏడో రోజు చుట్లు మాత్రం వేదిక మీద తిప్పుదాం అనుకున్నాం.

అయితే ఈ కథ ఉన్న యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయంలో ఎవరూ పెద్దగా ప్రసంగించని వచనం ఒకటుంది, పదో వచనం. నేను చెప్పేదాకా కేక వేయొద్దు, మీ నోటి నుండి మాట రాకూడదు అని వాళ్ల నాయకుడు యెహోషువ జనానికి గట్టిగా చెప్తాడు. జనం అలాగే తిరిగారు! సండే స్కూల్ తీసుకున్నవాడికి ఎవడికైనా ఆ అధ్యాయంలో అసలు అద్భుతం ఏదో ఇట్టే తెలిసిపోతుంది. గోడ కూలడం దాని తర్వాతే.

పాత్రల పంపకం ఎత్తును బట్టి జరిగింది. గోడ ఎత్తుగా ఉండాలి గనుక యూత్ వాళ్లు గోడ. సైన్యం బుడతలు. చూడ్డానికి సబబుగానే ఉంది. కానీ యూత్ అంటే ఎవరు? "ఎలా ఉన్నార్రా" అంటే "ఊఁ" అనీ, "పాఠం అర్థమైందా" అంటే "ఏమో" అనీ, గంటకు రెండు అక్షరాలు మించి ఖర్చు పెట్టని జాతి. మాట్లాడకుండా ఎన్ని రోజులైనా తిరగగల అసలైన ఇశ్రాయేలీయులు వాళ్లే. వాళ్లను తీసుకెళ్లి గోడలో పెట్టి, ఊపిరి తీసుకుంటున్నప్పుడు కూడా మాట్లాడే పిల్లలకు మౌనయాత్ర అప్పగించాం.

రిహార్సల్ మొదలైన రోజే గోడలోంచి ఒక చెయ్యి లేచింది.

"అన్నా, ఒక డౌటు. కాథ్లీన్ కెన్యన్ అని ఒకావిడ 1952 నుంచి 1958 దాకా యెరికోలో తవ్వింది. యెహోషువ వచ్చేనాటికే ఆ గోడ కూలిపోయి చాలా కాలమైంది అందట. నిజమేనా?"

సంవత్సరం పొడుగునా "ఏమో" అన్న కుర్రాడు ఇతనే! ఫోను చూస్తున్నాడని ఇన్నాళ్లూ విసుక్కున్నాను గానీ, అందులో ఏం చూస్తున్నాడో ఎవరికి తెలుసు? కెన్యన్ కంటే ముందు, 1930లలో, జాన్ గార్‌స్టాంగ్ తవ్వి, కాదు, యెహోషువ కాలంలోనే కూలిందన్నాడనీ, పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారనీ నేను చెప్పాను. ఒక గోడతో ఇంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు. "ఈ ప్రశ్న పాస్టరు గారిని అడుగుదాం" అని ముగించాను. ఎటూ తేలని ప్రశ్నలన్నిటికీ మా సండే స్కూల్లో దారి అదే.

తయారీ మాత్రం అద్భుతంగా కుదిరింది. పెద్ద పెద్ద అట్టపెట్టెలకు గోధుమరంగు కాగితం అంటించి, స్కెచ్ పెన్నులతో రాళ్లు గీశారు. ఒక్కో యూత్ మెంబరు ఒక్కో దొంతర పట్టుకుని నిలబడాలి, కేక వినగానే వదిలేసి తానూ కూలబడాలి. గోడ మీద ఇల్లుండి, ఇశ్రాయేలు వేగులను దాచినందుకు ప్రాణాలతో బయటపడిన రాహాబు మాత్రం కుర్చీ ఎక్కి, ఎర్ర రిబ్బను వేలాడదీసి, చివరిదాకా నిలబడాలి. బంగారు కాగితం చుట్టిన పెట్టె మందసం. దానికి రెండు పక్కలా కర్రలు. చార్టు పేపరు చుట్టి చేసిన బూరలు ఏడు. చార్టు పేపరు బూర మోగదు గదా అనే ధీమాతో చేసినవి అవి. కార్యక్రమం రోజు పొద్దున ఒక తండ్రి "పిల్లలు ముచ్చట పడతారని" ప్లాస్టిక్ బూరలు కొనుక్కొచ్చాడు. ఏడూ మోగేవే. ఆయన మంచి మనసును తప్పుపట్టలేం. ఆ ఏడు బూరలూ ఒకేసారి మోగినప్పుడు మాత్రం సౌండ్ సిస్టం దగ్గర కూర్చున్న తమ్ముడు మైకులన్నీ ఆపి చూశాడు. శబ్దం తగ్గలేదు.

ఇక ఉజ్జా సంగతి చెప్పాలి. అంతకు ముందు నెల పాఠం ఉజ్జాది. ఎడ్లకు కాలు జారినప్పుడు, మందసం పడిపోతుందేమోనని చెయ్యి చాపి పట్టుకుని, అక్కడికక్కడే చనిపోయిన మనిషి. విధేయత, పరిశుద్ధత, దేవుని భయం అన్నీ కలిపి ఆ పాఠం వివరంగానే చెప్పాం. పిల్లల ఇళ్లకు చేరింది ఒక్క ముక్క: పెట్టె ముట్టుకుంటే చచ్చిపోతారు. వాళ్లు ఆ నెలంతా దాన్ని ఆటగా ఆడుకున్నారని మాకు తర్వాత తెలిసింది. ఎవరైనా పొరపాటున పెట్టె ముట్టుకుంటే మిగతావాళ్లంతా "ఉజ్జా!" అని అరవాలి, ముట్టుకున్నవాడు పడి చచ్చిపోవాలి. నియమాలు చాలా స్పష్టంగా ఉన్నాయి.

హాలు నిండిపోయింది. తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. యెహోషువ బయల్దేరాడు. యెహోషువకు తొమ్మిదేళ్లుంటాయి. నవ్వడు. తన పాత్రే కాదు, అందరి పాత్రలూ, వచనాల నంబర్లతో సహా కంఠతా వచ్చు. వాడు పెదాల మీద వేలు పెట్టుకుని వెనక్కి తిరిగి చూసిన చూపుకి మొదటి చుట్టు నిజంగానే మౌనంగా జరిగింది. వెనుకభాగంలో ఒక బుడ్డది వాళ్లమ్మకు చెయ్యి ఊపింది తప్ప వంక పెట్టడానికేం లేదు. అక్క నా వైపు గర్వంగా చూసింది.

రెండో చుట్టులో మందసం మోసే యాజకుడొకడి అంగీ కాలికి అడ్డం పడింది. అది వాళ్ల నాన్న చొక్కా, నడుము దగ్గర తాడుతో కట్టింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. పక్కన నడుస్తున్న సిపాయి, పాపం మంచి పిల్లాడు, చటుక్కున చెయ్యి వేసి పట్టుకున్నాడు.

సైన్యం మొత్తం ఒక్క గొంతుతో "ఉజ్జాఽఽ!" అని అరిచింది.

రిహార్సల్స్‌లో ఎంత బతిమాలినా అంత పెద్ద కేక రాలేదు. సిపాయి ఒక్క క్షణం ఆలోచించాడు. నియమం నియమమే. కత్తి పక్కన పెట్టి, చేతులు చాపి, దారికి అడ్డంగా వెల్లకిలా పడి చచ్చిపోయాడు. యాజకులు ఇదే అదను అనుకుని బూరలు ఊదారు.

గోడకు చెప్పింది ఏమిటి? బూర మోగి, కేక వినపడితే కూలమని. బూర మోగింది, కేక వినపడింది. యూత్ వాళ్లు జీవితంలో మొట్టమొదటిసారి చెప్పింది చెప్పినట్టు, చెప్పిన క్షణంలో చేశారు. యెరికో నేలమట్టమైంది. అట్టపెట్టెలు మొదటి వరుస దాకా దొర్లాయి. గోడ వెనక కుర్చీ మీద, ఎర్ర రిబ్బను మెడలో వేసుకుని, ఫోనులో జుట్టు సరిచూసుకుంటున్న రాహాబు సంఘమంతటికీ కనిపించింది.

వ్యాఖ్యాత పెద్ద క్లాసు అమ్మాయి. కాగితంలో ఉన్నదే చదవాలని మేమే చెప్పాం. "రెండవ చుట్టు ముగిసింది. గోడలు ఏమాత్రం కదలలేదు" అని చదివింది.

నేను మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి గోడ చెవిలో "లేవండ్రా, మళ్లీ కట్టండి" అన్నాను. పెట్టెల కింది నుంచి మన కుర్రాడి గొంతు తాపీగా వినిపించింది.

"కెన్యన్ చెప్పినట్టే అయింది గదన్నా. టైముకి ముందే కూలాం."

సరేనని అక్కా నేనూ పెట్టెలు పేర్చడం మొదలుపెట్టాం. యెహోషువ వచ్చి మా మీదికి వంగాడు. వాడి గడ్డం ఒక చెవికే వేలాడుతోంది.

"అన్నా, మళ్లీ కట్టకూడదు. యెరికోను తిరిగి కట్టేవాడికి శాపం. ఆరు, ఇరవై ఆరు."

వాడు చెప్పింది అక్షరాలా నిజం. కాలర్ మైకు వాడి దగ్గరే ఉంది గనుక ఆ సంగతి హాలంతా వింది. ముందు వరుసలో ఒక పెద్దాయన బైబిలు తీసి చూసి, "ఉంది, ఉంది" అని తలాడించాడు. మేమిద్దరం పెట్టెలు కింద పెట్టేశాం. శాపమని తెలిసీ కట్టడానికి పాస్టరు గారి ఎదుట ఎవరు సాహసిస్తారు?

ఇక తెర వేసేద్దామని అక్క సైగ చేసింది. యెహోషువ ఒప్పుకోలేదు. "ఇంకా అయిదు చుట్లున్నాయి" అన్నాడు. గోడ లేకపోయినా సరే, చెప్పిన లెక్క పూర్తి కావాల్సిందే. కూలిన పెట్టెల చుట్టూ, వాటిమధ్య దొర్లి ఉన్న యూత్ చుట్టూ సైన్యాన్ని మళ్లీ నడిపించాడు. చచ్చిపడి ఉన్న సిపాయిని ఒక్కొక్కరే దాటుకుంటూ వెళ్లారు. నాలుగో చుట్టులో ఎవడో వాడి పొట్ట మీద కాలేశాడు. "అబ్బా" అన్నాడు శవం. "చచ్చిపోయినోళ్లు మాట్లాడరు" అని వెనకనుంచి ఎవరో గుర్తు చేశారు. అయిదో చుట్టుకి ప్రేక్షకులు చప్పట్లతో తాళం మొదలుపెట్టారు. ఆరోదానికి కొందరు తండ్రులు కూడా లైనులో కలిశారు. బూరల దాత అందరికంటే ముందున్నాడు.

ఏడో చుట్టు ముగియగానే యెహోషువ చెయ్యెత్తి "కేకలు వేయుడి!" అన్నాడు. సంఘమంతా వేసింది. కూలడానికి ఏమీ మిగల్లేదు గనుక రాహాబు కుర్చీలోంచి దూకి కూలబడింది. ఆవిడొక్కతే కూలకూడదు. కథంతా తిరగేసి వేసినట్టయింది.

అంతా అయ్యాక ఒక చిక్కు మిగిలింది. ఉజ్జా లేవడం లేదు. "అయిపోయింది నాన్నా, లే" అని వాళ్లమ్మ వచ్చి పిలిచింది. వాడు కళ్లు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆటలో చచ్చినవాడు లేచే నియమం ఎవరూ పెట్టలేదట. బిస్కెట్ చూపించినా చలనం లేదు. చివరికి పాస్టరు గారే వేదిక ఎక్కి, గొంతు సవరించుకుని, "లాజరూ, బయటికి రమ్ము" అన్నారు. చనిపోయిన లాజరును యేసు ఆ మాటతోనే లేపిన పాఠం కూడా చెప్పి ఉన్నాం. వాడు లేచి, చొక్కా దులుపుకుని, బిస్కెట్ అందుకున్నాడు.

హాలు ఊడుస్తుంటే యూత్ వాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. పిలవకుండా రావడం, వచ్చి చీపురు అందుకోవడం ఎప్పుడూ లేదు. వచ్చే ఏటి నాటిక తామే వేస్తామన్నారు. కథ కూడా చూసుకున్నారట: అపొస్తలుల కార్యములు, ఇరవయ్యో అధ్యాయం. త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చుని నిద్రపోయి, మూడో అంతస్తు నుంచి పడిన ఐతుకు కథ. ఆ పాత్రకి డైలాగులు లేవు, నిద్రపోతే చాలు. అందుకే ఆరుగురు ఆ ఒక్క వేషానికే పోటీ పడుతున్నారు.

"మూడో అంతస్తు ఎక్కడ కడతార్రా? ఒక్క గోడకే ఇంత అయింది" అన్నాను.

"అదేం లేదన్నా, కుర్చీ చాలు. పౌలు వేషమే కష్టం అనుకున్నాం" అన్నాడు కెన్యన్ కుర్రాడు. ఒకసారి పాస్టరు గారి గది తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఆయన్ని అడుగుదాం. రిహార్సల్ కూడా అక్కర్లేదు."