మైకు సంగతి చివర్లో చూద్దాం

ఆరాధనను లైవ్‌లో చూపించే ఆన్‌లైన్ పరిచర్య మొదలుపెట్టాలనుకునే సంఘం ముందుగా కొనాల్సింది కెమెరా. ఏ కెమెరా అన్నది అప్రస్తుతం, పెద్దగా కనబడితే చాలు. డబ్బు మిగిలితే ఇంకోటి. ఇంకా మిగిలితే డ్రోన్. మైకు సంగతి చివర్లో చూద్దాం, ఎలాగూ కెమెరాకే ఓ చిన్న మైకు ఉంటుంది కదా! అది పాస్టరు గారికంటే తనకు దగ్గరగా ఉన్న ఫ్యానునూ, ఆ ఫ్యాను కింద ఏడుస్తున్న పసివాణ్ణీ మహా నమ్మకంగా వినిపిస్తుంది. సర్వలోకమునకు వెళ్లేది ముందు ఫ్యాను చప్పుడే.

మైకులన్నీ కలిసే మిక్సర్‌లోంచి విడిగా ఓ ఆక్స్ అవుట్‌పుట్ (హాలు స్పీకర్లతో సంబంధం లేకుండా శబ్దం బయటికిచ్చే దారి) తీసి, ఆ శబ్దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చే ఆడియో ఇంటర్‌ఫేస్ గుండా కంప్యూటరుకు ఇవ్వాలని సణిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. హాల్లో డ్రమ్స్ మైకు లేకుండానే దద్దరిల్లుతాయి కాబట్టి మిక్సర్‌లో వాటిని బాగా తగ్గించేస్తారట, ఆ మిక్సే లైవ్‌కి పంపితే ఇంట్లో వినేవాళ్లకు డ్రమ్స్ మాయమై గొంతులు మాత్రమే మిగులుతాయట, అందుకని లైవ్‌కి వేరే మిక్స్ కావాలట. గట్టిగా అరిచిన చోట కూడా లైవ్ శబ్దం మీటరు ముల్లును మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకూడదట, సున్నా దాటితే గొంతు పగులుతుందట. ఇలాంటి అల్పవిశ్వాసులను వెనక వరుసలో కూర్చోబెట్టాలి.

ఇంటర్నెట్ పరీక్షలో డౌన్‌లోడ్ వేగమే చూడండి, అంకె పెద్దగా ఉండి మనసుకు హాయిగా ఉంటుంది. లైవ్ వెళ్లేది అప్‌లోడ్ మీద. 1080పీ చిత్రానికి నిలకడగా సెకనుకు 5, 6 మెగాబిట్లు కావాలి, దానికి రెట్టింపు చేతిలో ఉంటే మంచిది. శనివారం ఖాళీ హాల్లో అన్నీ భేషుగ్గా నడుస్తాయి. ఆదివారం అదే వైఫై పాస్‌వర్డు యువజనులందరికీ తెలిసి ఉంటుంది. రూటరు నుంచి కేబుల్ లాగితే సరిపోయేదే, కానీ వేదిక మీద వైరు ఏం బాగుంటుంది?

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్‌కు అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. కాబట్టి ఆ అనుమతి అడిగే బటన్‌ను ఆదివారం ఉదయం 9:50కి నొక్కాలి. ఆరాధన పదింటికి, అనుమతి సోమవారం. పోనీ ఫోన్‌లోంచి వెళ్దామంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఛానెల్‌ను ఒక్క కుర్రాడి సొంత జీమెయిల్ మీదే తెరవండి, అతనికి పెళ్లయి ఊరు మారితే పాస్‌వర్డు కూడా కాపురానికి వెళ్తుంది. ఫేస్‌బుక్ 2025 ఫిబ్రవరి నుంచి లైవ్ వీడియోలను 30 రోజులకే తీసేస్తోంది. దించి దాచుకోవడం రేపటిని గూర్చి చింతించడమే అవుతుంది, వద్దు.

ఎవరిదో రికార్డింగ్ ట్రాక్ పెట్టి పాడితే కాపీరైటు నోటీసు వస్తుంది, ఒక్కోసారి లైవే ఆగిపోతుంది. పాట దేవునిదని అప్పీలు రాద్దామంటే, ఆ ఫారంలో దేవుని పేరుకు గడి లేదు.

ఇక లెక్కలు. దావీదు ఒక్కసారి జనాన్ని లెక్కపెట్టించి దేశానికి తెగులు తెచ్చాడు. మనం ప్రసంగం నడుస్తుండగానే లైవ్ చూసేవాళ్లను పది నిమిషాలకోసారి లెక్కపెడతాం. పౌలు ప్రసంగానికి కునుకు తీసి మూడో అంతస్తు కిటికీలోంచి పడ్డది ఐతుకు ఒక్కడే, అదీ అర్ధరాత్రి. మన రిటెన్షన్ గ్రాఫు (ఎంతమంది ఎంతసేపు చూశారో చూపే గీత) చూడండి, సంఘ ప్రకటనలు మొదలైన నాలుగో నిమిషానికే సగం సంఘం కిటికీలోంచి దూకేసింది. ఆ ప్రకటనలు కోసేసి వాక్యం ఒక్కటే మళ్లీ ఎక్కిస్తే గీత కాస్త నిలబడుతుంది. అయినా పౌలు కిందికి దిగివెళ్లి ఐతుకును కౌగిలించుకున్నాడు, మనం వీడియో మీద కనబడే థంబ్‌నెయిల్ బొమ్మ మార్చుదాం. మంటలు, కన్నీళ్లు, ఎర్ర అక్షరాల్లో ‘చివరి హెచ్చరిక’.

లైవ్ చాట్‌లో వరుసగా ఆమెన్‌ల మధ్య ఒకటి కనబడుతుంది: ‘అన్నా, రేపు అమ్మకు ఆపరేషన్, ప్రార్థన చేయండి.’ వెంటనే జవాబివ్వాలి. అది ముందే టైపు చేసి ఉంటుంది: ‘వందనాలు. లైక్, షేర్, సబ్‌స్క్రైబ్ చేయండి.’ తరవాత ఆ తల్లి పేరు, జబ్బు, ఆస్పత్రి వివరాలన్నీ 1024 మంది పట్టే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు అన్నారంటే అప్పటికి గ్రూపులు లేవు మరి. లైవ్ నడిచినంతసేపూ చాట్ దగ్గర ఓ మనిషిని కూర్చోబెట్టి, అడిగినవాళ్ల నంబరు విడిగా తీసుకుని, మర్నాడు ఫోన్ చేసి ఆపరేషన్ ఎలా జరిగిందో కనుక్కోవాలని ఆ వెనక వరుసాయన అంటాడు. మనుషులెక్కడున్నారండీ? మీడియా టీములో ఉన్నదే ఇద్దరు. ఒకరు డ్రోన్ ఎగరేస్తున్నారు, ఇంకొకరు దాన్ని చెట్టు మీంచి దింపడానికి నిచ్చెన తేవడానికి వెళ్లారు.